చీమల జాబితా రాసిన డాక్టరు జెర్డాన్ గారు

ఈసారి గోడపత్రికలో గొప్పవారి జీవితాలు రాయమన్నారు. గాంధీ గారి గురించి, అల్లూరి సీతారామరాజు గారి గురించి, అంబేద్కర్ గారి గురించి ఇంతకు ముందే అక్కలు చక్కగా రాశారు. అందుకని నేను చీమల గురించి రాసిన ఒక డాక్టరు గారి గురించి రాస్తున్నాను. చీమలా అని నవ్వకండి. మన హాస్టల్లో చీమలతో బాధ పడని వాళ్ళు ఎవరున్నారో చెప్పండి. సైన్స్ మాష్టారు చెప్పినవీ, ఆయన ఇచ్చిన పుస్తకంలో ఉన్నవీ, నేను చూసినవీ కలిపి రాశాను.

ఆయన పూర్తి పేరు థామస్ కేవర్‌హిల్ జెర్డాన్. 1811 అక్టోబరు 12వ తేదీన ఇంగ్లండులో డర్హామ్ అనే చోటికి దగ్గరలో జన్మించారు. వాళ్ళ పెద్దలది స్కాట్లాండు. ఎడిన్‌బరో యూనివర్సిటీలో మొదట సాహిత్యం చదివి, తరువాత వైద్యం చదివారు. జంతువుల పాఠాలు, రాళ్ళ పాఠాలు కూడా అక్కడే విన్నారు. చదువు అయిపోయాక ఈస్టిండియా కంపెనీలో డాక్టరు ఉద్యోగం దొరికింది. 1836 ఫిబ్రవరి నెలలో మద్రాసులో ఓడ దిగారు. అప్పటికి ఆయనకి 24 ఏళ్ళు.

మొదట ఆయన్ని గంజాం పంపించారు. ఇప్పుడు అది ఒడిశాలో ఉంది గానీ అప్పుడు మద్రాసు కిందే ఉండేది. ఆ రోజుల్లో అక్కడ గుమ్సూరు కొండల్లో కంపెనీ సైన్యం కోందుల మీద యుద్ధం చేస్తోంది. 1835 నుంచి 1837 దాకా ఆ యుద్ధం జరిగింది. కోందులంటే మనలాంటి కొండవాళ్ళే. మన హాస్టల్లో కొండదొర పిల్లలకి వాళ్ళ సంగతి తెలుసు. జెర్డాన్ గారి పని జ్వరాలు, విరేచనాలు పట్టుకున్న సిపాయిలకి మందులియ్యడం. ఖాళీ దొరికితే తూర్పు కనుమల్లో పిట్టల్ని చూసుకునేవారు. అక్కడ ఊళ్ళు తగలబెడుతుంటే ఈయన పిట్టల్ని చూస్తున్నారా అని నాకు మొదట కోపం వచ్చింది. ఇప్పటికీ కొంచెం ఉంది. అయినా గొప్పవారి జీవితం రాసేటప్పుడు మంచివే ఏరుకొని రాస్తే అది జీవితం అవదు, పొగడ్త అవుతుంది. అందుకని ఇది కూడా రాశాను.

తరువాత తిరుచిరాపల్లి, అక్కడ నుంచి జాల్నా. జాల్నాలో గుర్రపు సైన్యానికి డాక్టరుగా నాలుగేళ్ళు ఉన్నారు. పిట్టల చర్మాలు ఎండబెట్టి, అవి ఏ జాతివో చెప్పమని స్కాట్లాండులో పెద్ద పండితుడైన జార్డిన్ గారికి ఓడలో పంపించారు. ఓడలు అప్పుడు నెలల తరబడి వెళ్ళేవి. పెట్టె విప్పేసరికి పురుగులు తినేశాయట. అంత కష్టం పురుగుల పాలు! మన ట్రంకు పెట్టెల్లో దాచుకున్న మురుకుల్ని చీమలు తింటేనే మనం ఏడుస్తాం. జెర్డాన్ గారు మాత్రం ఏడ్చి కూర్చోలేదు. ఇంక ఎవరినీ అడగకుండా తన కంటినే నమ్ముకొని తానే పేర్లు నిర్ణయించి దక్షిణ దేశపు పక్షుల పట్టికను మద్రాసు పత్రికలో అచ్చు వేయించారు. అది 1839, 1840 సంవత్సరాల్లో వచ్చింది. 1843 నుంచి 1847 లోపల 50 రంగు బొమ్మలతో ఇంకో పుస్తకం తెచ్చారు. ఆ బొమ్మలు వేసింది మన దేశపు చిత్రకారులే.

1841లో పెళ్ళి చేసుకున్నారు. ఆ తరువాత నెల్లూరులో సివిల్ సర్జన్ అయ్యారు. ఇక్కడ నుంచి కథ మాది కూడా అవుతుంది.

ఎందుకంటే నేను యానాది పిల్లని. మాది మండవల్లి. గుడివాడ దాటి కైకలూరు పోయే రైలు దారిలో వస్తుంది. ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది, మొన్నమొన్నటి దాకా కృష్ణా జిల్లా. కొల్లేటి పక్క చేపల చెరువుల గట్టు మీద మా ఇల్లు. కానీ మా తాత వాళ్ళ పెద్దలు నెల్లూరు వైపు నుంచి పొట్టకూటికి వచ్చినోళ్ళని మా నాయనమ్మ చెప్తుంది. యానాదులు ఎక్కువగా ఉండేది నెల్లూరు వైపే. జెర్డాన్ గారు నెల్లూరులో యానాదుల దగ్గర కూర్చొని అడవిలో ఏ జంతువు ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది అని అడిగి తెలుసుకునేవారట. ఆయన జీవితం రాసిన వాళ్ళు ఈ మాట రాశారు. ఇది చదివి నేను పుస్తకం మూసి మళ్ళీ తెరిచాను. మా వాళ్ళ దగ్గర ఒక డాక్టరు పాఠం నేర్చుకున్నాడా అని. కానీ ఆ చెప్పినవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా లేవు. ఆయన పేరు మీద పక్షి ఉంది, చీమ ఉంది. వాళ్ళ పేరు మీద ఏమీ లేదు.

ఆ పక్షి ఏదో మీకు తెలుసు, మన జనరల్ నాలెడ్జి పుస్తకంలో ఉంది. కలివి కోడి. ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్. జెర్డాన్ గారికి దొరికిన ఆ పక్షికి కలకత్తా మ్యూజియంలో బ్లైత్ గారు 1848లో శాస్త్రం పేరు పెట్టారు. 1900 తరువాత అది ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల అడవుల దగ్గర మళ్ళీ దొరికింది. అప్పుడు కూడా దాన్ని రాత్రిపూట లైటు వేసి పట్టుకున్నది ఊరి వేటగాడే.

ఇంక చీమల దగ్గరికి వస్తాను. 1851లో మద్రాసు పత్రికలోనే జెర్డాన్ గారు దక్షిణ భారతదేశపు చీమల జాబితా అచ్చు వేయించారు. అప్పటికి మన దక్షిణాది చీమల్ని అలా వరసగా ఎవరూ రాయలేదు. పిట్టల్ని తుపాకితో కొట్టే దొరలు చాలామంది ఉన్నారు గానీ, నేల మీద కూర్చొని చీమ నడుముకి ఎన్ని ముడులున్నాయో చూసినవాళ్ళు తక్కువ. ఎగిరి దూకే చీమని ఆయనే లోకానికి చెప్పారు. దాని పేరు హార్పెగ్నాథస్ సాల్టేటర్. పెద్ద కళ్ళు, పొడుగు కోరలు. పట్టుకోబోతే మిడతలాగా గెంతుతుంది. ఇప్పటికీ ఇంగ్లీషులో దాన్ని జెర్డాన్ గెంతుడు చీమ అనే పిలుస్తారు. ఇంకొక చీమ జాతిలో చిన్న కూలి చీమకీ పెద్ద కూలి చీమకీ బరువులో 500 రెట్లు తేడా ఉంటుంది. దోమా తూనీగా ఒక్క తల్లి పిల్లలంటే ఎలా ఉంటుందో అలాగ. దానికీ మొదట పేరు పెట్టింది ఆయనే.

ఆయన రాసిన వాటిలో నాకు బాగా నచ్చింది విత్తనాల దొంగతనం. తోటలో గింజలు చల్లితే చీమలు ఒక్క రాత్రిలో మొత్తం ఎత్తుకుపోయేవట. క్యాబేజీ, ముల్లంగి, క్యారట్, టమాటా గింజలు దేన్నీ వదలవు. లెట్యూస్ అనే ఆకుకూర గింజలంటే మరీ ఇష్టం. గింజలు వేసిన కుండీల్ని ఉట్టి కట్టినట్టు వేలాడదీస్తే గానీ దక్కేవి కావు. ఆయన గదిలో దాచుకున్న విత్తనాల పొట్లాలు కూడా ఆయనకి తెలియకుండానే ఖాళీ అయిపోయాయి. ఎంత పెద్ద డాక్టరైతే ఏముంది, చీమ ముందు అందరం ఒకటే. కానీ ఆయన అక్కడ ఆగలేదు. ఈ చీమలు మామూలుగా చచ్చిన పురుగుల్ని తింటాయి కదా, మరి గింజల్ని ఏం చేసుకుంటాయి, తామే తింటాయా, పిల్లలకి పెడతాయా అని ఆలోచించారు. పుట్ట బయట పొట్టు కుప్పలు చూశారు. వానలు వెనకపట్టాక గింజల్ని పైకి తెచ్చి పెట్టడం చూశారు. అయినా తేలలేదు. తేలలేదనే రాశారు. పెద్ద డాక్టరై ఉండి తెలియదు అని అచ్చు వేయించుకున్నారంటే నాకు ఆయన మీద ఉన్న కోపంలో సగం తగ్గింది.

ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు తరువాతి వాళ్ళు కనిపెట్టారు. పెద్ద చీమ గట్టి తిండి మింగలేదు. దాని గొంతులో జల్లెడ లాంటిది ఉంటుంది, రసం మాత్రమే దిగుతుంది. అందుకని కొన్ని జాతుల చీమలు గట్టి తిండిని తీసుకెళ్ళి పుట్టలో పిల్ల పురుగుల ముందు పెడతాయి. పిల్లలు దాన్ని అరిగించి రసం చేసి పెద్దవాళ్ళకి మళ్ళీ ఇస్తాయి. అంటే పుట్టలో వంటవాళ్ళు పసిపిల్లలు! వంటమ్మలు ఇది చదివి నవ్వుకుంటారని నాకు తెలుసు.

ఆ జాబితాలో ఒక ఎర్రచీమ ఉంది. కుడితే మంట పుట్టే చీమ. జెర్డాన్ గారు దాన్ని మన దేశపు కొత్త చీమ అనుకొని పేరు పెట్టారు. నిజానికి అది అమెరికా వైపు చీమ, ఎప్పుడో ఓడల్లో సరుకులతోపాటు లోకమంతా తిరిగింది. ఇప్పుడు దాన్ని సోలెనాప్సిస్ జెమినాటా అంటారు. ఈ సోలెనాప్సిస్ అనే ఇంటిపేరు గుర్తు పెట్టుకోండి. దొంగ చీమలనే బుల్లి చీమలది కూడా అదే ఇంటిపేరు.

దొంగ చీమలంటే మనం పెట్టిన తిట్టు కాదు, శాస్త్రంలోనే అలా అంటారు. ఇవి ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల పొడవు, అంటే నువ్వుగింజలో సగం. రంగు పసుపు, లేకపోతే లేత గోధుమ. కళ్ళు సూదిమొన అంత. మా ఇంట్లో అయితే బుల్లివి ఏవైనా చలిచీమలనే అంటాం, కానీ చూస్తే అన్నీ ఒకటి కావు. నడుము చూడాలి. దొంగ చీమ నడుముకి రెండు ముడులు ఉంటాయి. తల నల్లగా పొట్ట తెల్లగా ఉండి బెల్లం మీదికి వచ్చే ఇంకో బుల్లి చీమ ఉంది, దానికి ముడి ఒక్కటే, అదీ పొట్ట కింద దాగి కనబడదు. మరి ఆస్పత్రుల్లో, ఇళ్ళల్లో తిరిగే పసుపు రంగు ఫారో చీమకి కూడా రెండు ముడులే. అప్పుడు మీసాలు చూడాలి. దొంగ చీమ మీసానికి 10 కణుపులు, చివరి రెండు లావుగా గదలాగా ఉంటాయి. ఫారో చీమకి 12 కణుపులు, చివరి మూడు లావు. భూతద్దంతో ముడులు కనబడతాయి గానీ కణుపులు లెక్కపెట్టాలంటే మైక్రోస్కోపు కావాల్సిందే.

ఇవి దొంగతనం ఎలా చేస్తాయో మొదట గట్టిగా చూసి చెప్పినవారు స్విట్జర్లాండు దేశపు ఆగస్ట్ ఫోరెల్ గారు, 1869లో. ఆయన కూడా డాక్టరే. చీమలకీ డాక్టర్లకీ ఏం సంబంధమో తెలియదు. దొంగ చీమలు పెద్ద చీమల పుట్ట పక్కనే, ఒక్కోసారి ఆ పుట్ట గోడలోనే, ఇల్లు కట్టుకుంటాయి. అక్కడ నుంచి సన్న సన్న సొరంగాలు తవ్వి పెద్ద చీమల పిల్లలుండే గదిలోకి పోతాయి. గుడ్లనీ పిల్లల్నీ లాక్కొచ్చి తింటాయి. పెద్ద చీమ తరుముకొస్తే ఆ సొరంగంలో పట్టదు. యూరప్‌లో ఉండే దొంగ చీమ అయితే విషపు గ్రంథిలోంచి ఒక వాసన వదులుతుంది, దానికి పెద్ద చీమలు వెనక్కి తగ్గి తమ పిల్లల్ని కూడా కాపాడుకోలేవు. ఇంత చేసేది కంటికి ఆనని చీమ. చెదపుట్టల గోడల్లో ఉండి చెదల గుడ్లు తినే బుల్లి చీమలు కూడా ఉన్నాయి, అవి వేరే ఇంటిపేరువి. పుట్టలోకి పోనప్పుడు దొంగ చీమలు చచ్చిన పురుగులు, నూనె, కొవ్వు, మాంసం, నూనె గింజలు తింటాయి. తీపి మీద వాటికి అంత మోజు లేదు. అందుకనే పంచదార డబ్బా చుట్టూ మందు గీత గీసి ఊరుకుంటే ఇవి పోవు.

సొరంగాల సంగతి చదువుతుంటే నాకు మా తాత గుర్తొచ్చాడు. వరి కోతలప్పుడు ఎలుకలు కంకులు కొరికి కన్నాల్లో దాచుకుంటాయి. మా తాత గట్టు మీద నడుస్తూ మట్టి చూసి ఏ కన్నంలో ఎలుక ఉందో, ఏది వట్టి కన్నమో చెప్పేవాడు. కుండలో గడ్డి కుక్కి నిప్పు పెట్టి కన్నంలోకి పొగ ఊదేవాడు. రెండో దారి దగ్గర మా నాయన కాపు. ఎలుకని పట్టాక గడ్డపారతో తవ్వితే లోపల గదిలో కంకులు పేర్చి ఉండేవి. ఆ వడ్లు మా నాయనమ్మ దంచితే మేం తిన్నాం. రైతులే పిలిచి పని చెప్పేవారు, ఎలుకకి ఇంత అని డబ్బులు కూడా ఇచ్చేవారు. దాన్ని దొంగతనం అని ఎవరూ అనలేదు. ఎలుక కూడా తన పిల్లల కోసమే దాచుకుంది, ఆ మాట నిజమే. నాకు జాలి వేసేది గానీ ఆకలి కూడా వేసేది.

దొంగ అనే మాట మనుషుల మీద పెడితే ఎంత దూరం పోతుందో మాకు తెలుసు. తెల్లవాళ్ళు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు వైపు కూడా తెచ్చారు. మా వాళ్ళలో కొందరినీ, ఎరుకల వాళ్ళనీ అందులో ఎక్కించారు. పుట్టిన బిడ్డ కూడా దొంగ కిందే లెక్క. స్వతంత్రం వచ్చాక 1952లో దేశమంతా ఆ చట్టం తీసేశారు. చట్టం పోయింది గానీ నేను చిన్నప్పుడు చదివిన ఒక చోట పలకో పెన్సిలో పోతే ముందు మా సంచులే దులిపేవారు. చీమని దొంగ అంటే చీమకి ఏమీ కాదు. దానికి ఎలాగూ వినబడదు.

మళ్ళీ జెర్డాన్ గారి దగ్గరికి వస్తాను, ఆయన కథ ఇంకా ఉంది. నెల్లూరు తరువాత ఆయన మలబారు వైపు తలచేరిలో పనిచేశారు. 1857 తిరుగుబాటు నాటికి మధ్య దేశంలో సాగర్‌లో ఉన్నారు. తరువాత గవర్నర్ జనరల్ కానింగ్ గారు ఆయన్ని మామూలు డ్యూటీ నుంచి తప్పించి, దేశంలోని జంతువుల మీద పుస్తకాలు రాసే పని ఒప్పజెప్పారు. భారతదేశపు పక్షుల మీద పెద్ద పుస్తకం 1862 నుంచి 1864 లోపల వచ్చింది. అందులో వెయ్యికి పైగా పక్షులున్నాయి. నాకు ముచ్చట వేసింది ఏమంటే, పక్షి శాస్త్రం పేరు కింద హిందీ పేరు, తమిళం పేరు, తెలుగు పేరు కూడా దొరికినంత వరకు ఇచ్చారు. ఆ తెలుగు పేర్లు ఆయనకి ఎవరు చెప్పి ఉంటారు? పిట్టలు పట్టేవాళ్ళే చెప్పి ఉంటారు. 1867లో పాలిచ్చే జంతువుల పుస్తకం రాశారు. ఊరికే ఉండలేక అస్సాం కూడా వెళ్ళారు. అక్కడ జబ్బుపడి 1870లో ఇంగ్లండు చేరారు. 1872 జూన్ 12న చనిపోయారు. అప్పటికి 60 ఏళ్ళు. మన దేశంలో 34 ఏళ్ళు గడిపారు.

ఆయన చూసిన చీమల్లో చాలావాటి నమూనాలు ఇప్పుడు ఎక్కడా లేవు. పక్షి చర్మాల్ని పురుగులు తిన్నట్టే ఇవీ పోయాయేమో. మిగిలింది ఆయన రాసిన వాక్యాలే. తరువాత వచ్చినవాళ్ళు ఆ వాక్యాలు పట్టుకొని ఇది ఆ చీమే అయి ఉంటుంది అని పోల్చుకోవాల్సి వచ్చింది. బాగా రాసిన చీమ దొరికింది. రెండు ముక్కల్లో తేల్చేసినది ఇప్పటికీ ఏదో తెలియదు.

నేను మన హాస్టల్ వంటగది వెనక గోడ దగ్గర నాలుగు ఆదివారాలు చూశాను. కాగితం మీద బెల్లం పాకం ఒక చుక్క, కొబ్బరినూనె ఒక చుక్క, ఇంటి నుంచి తెచ్చిన ఎండుచేప ముక్క, చితగ్గొట్టిన వేరుశనగ పప్పు పెట్టాను. తల నల్లవి గబగబా బెల్లం మీదికి వచ్చాయి. పసుపు రంగు బుల్లివి ఆలస్యంగా వచ్చాయి, వరసగా వచ్చాయి, ఎండుచేప మీదికీ వేరుశనగ మీదికీ పోయాయి. నూనె చుక్క అంచున ఆగి తాగాయి. బెల్లం పక్కనుంచి పోయినా ఎక్కలేదు. భూతద్దంలో నడుముకి రెండు ముడులు కనబడ్డాయి. కాబట్టి దొంగ చీమ కావచ్చు, ఫారో చీమ కావచ్చు. కణుపులు లెక్కపెట్టే దాకా రెండింటి పేర్లూ పెన్సిలుతోనే రాసి ఉంచాను. అవి గోడ బీటలో ఎక్కడికి పోతున్నాయో చూస్తే, ఆ బీట పక్కనే గండుచీమల కన్నం ఉంది.

మీలో ఎవరికైనా పసుపు రంగు బుల్లి చీమలు కనబడితే నలిపెయ్యకండి. ఏ రోజు, ఏ చోట, ఏం తింటుండగా చూశారో చీటీ మీద రాసి నాకు ఇవ్వండి. తొమ్మిదో తరగతి, కిటికీ పక్క మూడో బెంచీ. ఎండుచేపల డబ్బా ఉన్నవాళ్ళు దాన్ని నీళ్ళు పోసిన పళ్ళెంలో పెట్టుకోండి.